టెన్త్, ఇంటర్ పిల్లలు అగ్నివీర్‌కి వెళ్తామంటున్నారు, టీచర్లుగా మనం ఏం చేయగలం?

ఉద్దానం మాస్టారు:

అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా వైపు సంగతి తెలిసినవాళ్లకి పెద్దగా వివరించక్కర్లేదు. జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో పని ఏడాది పొడుగునా ఉండదు, చాలా ఇళ్లలో తండ్రో పెదనాన్నో కిడ్నీ జబ్బుతో ఇంటిపట్టునే ఉంటున్నారు, అందుకని పెద్దకొడుకు ఎంత తొందరగా సంపాదనలో పడితే అంత మేలు అన్నట్టు ఉంటుంది. పదో తరగతి మగపిల్లల్ని ఏమవుతావురా అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, అగ్నివీర్, అంటే సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగం. తెల్లారకముందే రోడ్డు మీద గుంపులుగా పరిగెడుతుంటారు. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ క్లాసులో పుస్తకం తియ్యరు, అడిగితే "ఆర్మీకి లెక్కలెందుకు సార్, రన్నింగ్ కొడితే చాలు కదా" అంటారు.

నాకు మిలిటరీ గురించి తెలిసింది తక్కువ. మా స్కూల్లో ఎన్‌సీసీ లేదు, పీఈటీ (ఆటల మాస్టారు) పోస్టు ఖాళీ. మొన్న ఒక తల్లి వచ్చి, ఒక్కగానొక్క కొడుకు, మీరైనా చెప్పి మాన్పించండి బాబూ అంది. అదే వారంలో ఇంకో పిల్లాడి తండ్రి ఎలాగైనా మావాణ్ణి పంపించే దారి చూడండి మాస్టారూ అన్నాడు. టీచర్‌గా మనం నిజంగా ఉపయోగపడేది ఎక్కడ? ఉదయం గ్రౌండ్‌లో నిలబడి విజిల్ వెయ్యడమా, రాత పరీక్షకి తయారు చెయ్యడమా, లేకపోతే ఇది మన పని కాదని ఊరుకోవడమా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా రాయండి. ఆడపిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, వాళ్లకి దారి ఏంటో కూడా చెప్పండి.

మాజీ సుబేదార్, విజయనగరం:

మాస్టారూ, మీరు అడిగినందుకే సంతోషంగా ఉంది. రిటైర్ అయి వచ్చాక మా మండలంలో పిల్లల్ని ఆర్మీలోకి ఎంపిక చేసే ర్యాలీలకి తీసుకెళ్తున్నాను, అక్కడ చూసిందాన్ని బట్టి చెబుతున్నాను. పిల్లలు పోయేది గ్రౌండ్‌లోనే అని అందరూ అనుకుంటారు. గ్రౌండ్ దాకా రాకుండానే పోయేవాళ్లు ఎంతోమంది ఉంటారు, వాళ్లు పోయేది మీ స్కూల్లో, పదో తరగతిలో.

లెక్క చూడండి. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి పోస్టుకి, టెన్త్ పాసైతే చాలదు. మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. మన టెన్త్ 600 మార్కులకి కదా, అంటే 270 కావాలి. అన్నిట్లో బొటాబొటిగా 35 తెచ్చుకున్నవాడికి 210 వస్తాయి. వాడు పాసే, ఊళ్లో స్వీట్లు పంచుతారు, కానీ జనరల్ డ్యూటీకి అప్లై చేసే అర్హతే ఉండదు. ఇంకా బాధ కలిగించేది హిందీ. మన దగ్గర సెకండ్ లాంగ్వేజ్ హిందీకి 20 వస్తే పాస్ అన్న పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది, అందుకే పిల్లలు హిందీని పట్టించుకోరు, చాలా చోట్ల బడిలో కూడా పట్టించుకోరు. మొత్తం 300 దాటి, హిందీలో 24 దగ్గర ఆగిపోయిన మెమో పట్టుకుని ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. చాలా బాగా పరిగెత్తేవాడు. ఆ మెమో చూశాక వాడికి ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు. "ఆర్మీకి లెక్కలెందుకు" అన్నవాడికి మీరు బోర్డు మీద ఈ 270 రాసి చూపించండి, ఇంకేం లెక్చర్ అక్కర్లేదు.

ఇంటర్‌లో కూడా ఇంతే. టెక్నికల్‌కి వెళ్లాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషుతో ఇంటర్, మొత్తం 50 శాతం, ఒక్కోదాంట్లో 40. క్లర్క్, స్టోర్ కీపర్‌కి మొత్తం 60, ప్రతి సబ్జెక్టులో 50. ట్రేడ్స్‌మన్ (మెస్, హౌస్‌కీపింగ్ లాంటి పనులు) పోస్టుల్లో కొన్నిటికి ఎనిమిదో తరగతి చాలు, ఆ పనీ గౌరవమైన పనే, కానీ పిల్లాడు తెలిసి ఎంచుకోవాలి గానీ మార్కులు లేక అటు పడిపోకూడదు.

రెండోది పేర్లు. ఇది పూర్తిగా స్కూలు చేతిలో ఉంది. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. మెమోలో తండ్రి పేరు అప్పారావు, తండ్రి ఆధార్‌లో అప్పలనాయుడు. పుట్టిన తేదీ బళ్లో వేసినప్పుడు ఎవరో నోటికొచ్చింది రాయించి ఉంటారు. ర్యాలీలో కాగితాలు చూసే చోట ఒక్కో అక్షరం చూస్తారు, వాళ్లని తప్పుపట్టలేం, వేలమంది వస్తారు, ఒకడి బదులు ఇంకొకడు రాకుండా చూసుకోవాలి. మీరు చేయాల్సింది ఏంటంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్షకి పంపే పిల్లల వివరాల జాబితా) పంపే ముందు, ఇంకా మంచిది తొమ్మిదిలోనే, ప్రతి పిల్లాడి ఆధార్ జిరాక్సు, తల్లిదండ్రుల ఆధార్ జిరాక్సు తెప్పించి అడ్మిషన్ రిజిస్టర్ పక్కన పెట్టి చూడండి. మెమో ప్రింటయ్యాక మార్చాలంటే కాళ్లరిగేలా తిరగాలి, ఈలోపు వయసు దాటిపోతుంది.

కండక్ట్ సర్టిఫికెట్ కూడా స్కూలో కాలేజీయో ఇవ్వాలి, ఆరు నెలల లోపుది అడుగుతారు. పెళ్లి కాలేదని ఫొటోతో సర్పంచ్ సర్టిఫికెట్, నేటివిటీ, కులం, నోటరీ అఫిడవిట్, పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రుల అంగీకార పత్రం, ఇవన్నీ ఉంటాయి. ర్యాలీకి ముందు రోజు హెడ్‌మాస్టారు సెలవులో ఉన్నాడని సంతకం కోసం ఏడ్చే పిల్లల్ని చూశాను. మీరు ఆ నమూనాలు ముందే స్కూల్లో ఉంచండి. అంతకంటే పెద్ద సాయం లేదు.

గిద్దలూరు పీడీ:

సుబేదార్ గారు చెప్పిందానికి దండం. నేను గ్రౌండ్ సంగతి చెబుతాను. మా గిద్దలూరు వైపు ఊరూరా మిలిటరీ ఇళ్లు ఉన్నాయి, పిల్లలకి చిన్నప్పటి నుంచే ఆ పిచ్చి ఉంటుంది.

ఆర్మీలో ఇప్పుడు ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో వచ్చినవాళ్లకే ర్యాలీ. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు. ఐదున్నర నిమిషాల్లోపు వస్తే 60 మార్కులు, ఆ తర్వాత టైమ్ పెరిగే కొద్దీ మార్కులు తగ్గుతాయి. బీమ్ (కడ్డీ పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా ఒంటిని లాగడం) పది కొడితే 40, తగ్గితే అవీ తగ్గుతాయి. తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్, వీటికి మార్కులు లేవు, పాసైతే చాలు. మన వైపు పిల్లలకి జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి.

మాస్టారూ, మీరు లెక్కల సార్ కాబట్టి మీకు సరిపోయే పని ఒకటి చెబుతా. 1.6 అంటే 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు. ఐదున్నర నిమిషాలంటే 330 సెకన్లు, రౌండుకి 82, 83 సెకన్లు. రోడ్డు మీద పరిగెత్తే పిల్లలకి ఈ లెక్క తెలీదు. ర్యాలీలో గుంపుగా వదులుతారు, పక్కవాణ్ణి చూసి మొదటి రౌండు 70 సెకన్లలో కొట్టేస్తారు, మూడో రౌండుకి నోరు తెరిచి భుజాలు పైకి లేచిపోతాయి, అక్కడ పడిన టైమ్ నాలుగో రౌండులో రాదు. పీఈటీ లేకపోయినా ఫర్వాలేదు, స్కూల్ గ్రౌండ్‌లో టేపు పెట్టి 200 మీటర్లు కొలిచి సున్నం గీత గీయించండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని వారానికి ఒక్కరోజు నిలబడండి, ప్రతి 200కి టైమ్ గట్టిగా చెప్పండి, ప్రతివాడూ తన పేరు పక్కన తనే రాసుకోవాలి. పక్కవాణ్ణి కాదు, టైమ్‌ని చూసి పరిగెత్తడం అలవాటైతే సగం పని అయినట్టే. మిగతా రోజులు వాళ్లే చేసుకుంటారు, అన్ని రోజులూ మీరు వెళ్లక్కర్లేదు.

బీమ్‌కి ఖర్చు లేదు. రెండు సిమెంటు స్తంభాలు, మధ్యలో ఒక జీఐ పైపు. ఊళ్లో ఎవరో ఒకరు ఇస్తారు. కానీ కింద ఇసుక పోయించండి, స్తంభం ఊగుతుందేమో ముందు మీరు పట్టుకుని చూడండి, ఏదైనా జరిగితే స్కూలు మీదకి వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లాడు మొదట్లో ఒక్కటి కూడా కొట్టలేడు, గడ్డం పైకి పెట్టించి మెల్లగా కిందికి దిగడం చేయించండి, దాంతోనే బలం వస్తుంది. నవ్వే పిల్లల్ని మాత్రం అక్కడ నిలబడనివ్వకండి, సిగ్గుపడి మానేసేవాళ్లు ఎక్కువ.

రోజూ తారు రోడ్డు మీద, చెప్పుల్లేకుండానో అరిగిపోయిన బూట్లతోనో పరిగెత్తేవాళ్లకి మోకాలి కింద ముందు ఎముక నొప్పి వస్తుంది. దాన్ని ఓర్చుకుని పరిగెత్తమని చెప్పకండి. మట్టిలోకి మార్చి వారం పది రోజులు తగ్గించమనండి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ర్యాలీ రోజు పరుగు కోసం ఇంజెక్షన్లు, మాత్రలు తీసుకునే పిల్లలున్నారు. దొరికితే పంపించేస్తారు, అది అటుంచి ప్రాణానికే ముప్పు. ఇంకా, సెలెక్షన్ గ్యారంటీ అని డబ్బులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకునే బ్రోకర్లు. పిల్లాడు ఒరిజినల్స్ ఎవరికైనా ఇచ్చాడని తెలిస్తే మీరే వెళ్లి వెనక్కి తెప్పించండి. ఆర్మీలో డబ్బుతో పోస్టు ఇప్పించేవాడు లేడు. ఈ మాట తల్లిదండ్రులకి చెప్పాల్సింది మనమే, వాళ్లు మన మాట నమ్ముతారు.

బయాలజీ టీచర్, శ్రీ సత్యసాయి జిల్లా:

నేను రెండు విషయాలు రాస్తాను, ఒకటి మెడికల్ గురించి, రెండోది ఎవరూ ఎత్తని విషయం.

పరుగు, పరీక్ష అన్నీ దాటి మెడికల్‌లో పోయిన పిల్లల బాధ చెప్పనలవి కాదు. వాటిలో కొన్ని ముందే తెలిసేవి. పాదం తడిపి సిమెంటు గచ్చు మీద వేయించండి, మధ్యలో వంపు లేకుండా పాదం మొత్తం అచ్చు పడితే డాక్టర్‌కి చూపించమని చెప్పండి. నిటారుగా నిలబడితే మోకాళ్లు తగిలి మడమలు దూరంగా ఉంటే అదీ చూపించాలి. చెవిలో గుబిలి, పుచ్చిన పళ్లు, తక్కువ హిమోగ్లోబిన్, ఇవి టైమ్ ఉంటే బాగయ్యేవి. రంగులు పోల్చుకోలేకపోవడం మాత్రం బాగయ్యేది కాదు, కానీ ఎనిమిదిలోనే తెలిస్తే పిల్లాడు ఇంకో దారి చూసుకుంటాడు, నాలుగేళ్లు పరిగెత్తాక తెలిస్తే కుంగిపోతాడు. మగపిల్లలకి వృషణాల దగ్గర నరాలు ఉబ్బే సమస్య ఒకటి ఉంటుంది, వాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పరు, చిన్న ఆపరేషన్‌తో పోతుంది, కాకపోతే కోలుకునే టైమ్ ఉండాలి. మగ టీచర్ ఎవరైనా విడిగా కూర్చోబెట్టి చెబితే మంచిది. ఇవేవీ క్లాసులో అందరి ముందూ చెయ్యకండి, ఎవరికి ఏం ఉందో వాళ్లకి మాత్రమే తెలియాలి.

పచ్చబొట్లు కూడా. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడా శాశ్వతమైన పచ్చబొట్టు ఉండకూడదు, ఆచారం ప్రకారం వేసుకునే గిరిజనులకి మినహాయింపు ఉంది. జాతరలో ఇరవై రూపాయలకి మెడ మీద వేయించుకున్న పేరు వల్ల కల పోతుందని పిల్లలకి తెలీదు. ముందే చెప్పండి.

ఇప్పుడు రెండోది. 2025 మేలో మా జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ జమ్మూ కశ్మీర్ సరిహద్దులో జరిగిన కాల్పుల్లో వీరమరణం పొందాడు. అగ్నివీర్‌గానే చేరాడు. అప్పుడు బళ్లకి వేసవి సెలవులు. బడి తెరిచాక మా క్లాసులో ఒక పిల్లాడు లేచి, మేడమ్, నేను ఇంకా వెళ్లాలనే అనుకుంటున్నా, మా అమ్మకి ఎలా చెప్పను అని అడిగాడు. దానికి తయారైన జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ వారమే వాళ్ల అమ్మానాన్నల్ని స్కూల్‌కి పిలిపించి, పిల్లాడి ఎదురుగానే అన్నీ చెప్పాను.

మాస్టారూ, మీకు వచ్చిన ఆ తల్లికి కూడా అలాగే చెప్పాలని నా అభిప్రాయం. మాన్పించడమూ మన పని కాదు, ఎగదొయ్యడమూ మన పని కాదు. అగ్నివీర్‌లని తీసుకునే అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చింది. నాలుగేళ్ల ఉద్యోగం. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 30 శాతం నిధికి పోయి చేతికి 21 వేలు వస్తుంది, నాలుగో ఏడాదికి జీతం 40 వేలు. అంతే మొత్తం ప్రభుత్వం కూడా వేస్తుంది, చివర్లో వడ్డీతో కలిపి దాదాపు 11 లక్షల 70 వేల సేవా నిధి అని పథకం పెట్టినప్పుడు చెప్పారు. ఆ తర్వాత ఎక్కువలో ఎక్కువ 25 శాతం మందినే రెగ్యులర్‌గా ఉంచుతారు. బయటికి వచ్చినవాళ్లకి పెన్షన్ ఉండదు. 48 లక్షల బీమా ఉంది, డ్యూటీలో ప్రాణం పోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా కూడా ఉంది, కానీ రెగ్యులర్ జవాను కుటుంబానికి వచ్చే పెన్షన్ లాంటిది లేదు. ఇవన్నీ అంకెలతో సహా ఇంట్లో అందరి ముందూ చెప్పాలి. బిడ్డని పంపే తల్లికి ఏది ఉందో, ఏది లేదో తెలుసుకునే హక్కు ఉంది. అవన్నీ తెలిశాక కూడా పిల్లాడు వెళ్తానంటే, ఆ తల్లి సరే అంటే, అప్పుడు మనం తోడు నిలబడాలి.

సెలవులో ఉన్న అగ్నివీర్:

నా యూనిట్, చోటు చెప్పను, ఆ రూల్ మీరూ పిల్లలకి చెప్పండి సార్. సెలెక్ట్ అయిన రోజే యూనిఫామ్ ఫొటోలు, ట్రైనింగ్ సెంటర్ వీడియోలు పెట్టే అలవాటు మానుకోవాలి.

సుబేదార్ సార్ హిందీ గురించి మార్కుల కోసం చెప్పారు, నేను ట్రైనింగ్ గురించి చెబుతాను. అక్కడ అన్నీ హిందీలోనే. డ్రిల్, ఆయుధం విప్పి బిగించడం, రాత్రి డ్యూటీ చెప్పడం, అన్నీ. మన పిల్లలు టెన్త్ తర్వాత ఇంటర్‌లో సంస్కృతం తీసుకుంటారు, హిందీ అక్కడితో సరి. మొదటి నెల నేను పక్కవాడు ఏం చేస్తే అది చేశాను, ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చే ఆయన) అడిగింది అర్థం కాక నిలబడిపోతే పొగరు అనుకున్నారు. పరుగు కంటే, చలి కంటే ఎక్కువ ఏడిపించింది అదే. వ్యాకరణం వద్దు సార్, మాట్లాడే హిందీ కావాలి. హిందీ మేడమ్ వారానికి ఒక్క పీరియడ్ ఈ పిల్లల్ని కూర్చోబెట్టి, మీ ఊరు చెప్పు, నీకు ఒంట్లో బాగోలేదని చెప్పు, నాకు అర్థం కాలేదు మళ్లీ చెప్పండి అని అడుగు, ఇలా నోటితో అనిపిస్తే చాలు. ఒంట్లో బాగోలేదని చెప్పడం రాక జ్వరంతోనే పరుగుకి వచ్చిన తెలుగు కుర్రాడు మా బ్యాచ్‌లో ఉన్నాడు.

పరీక్ష కంప్యూటర్ మీద. జనరల్ డ్యూటీకి గంటలో 50 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పు రాస్తే అర మార్కు కోత. సగానికి పైగా లెక్కలు, సైన్సే, అంతా టెన్త్ లోపు సిలబస్. 2025 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. మౌస్ పట్టుకోని పిల్లాడు మొదటి పది నిమిషాలు టెన్షన్‌లోనే పోగొట్టుకుంటాడు. స్కూల్లో పనిచేసే కంప్యూటర్ ఒక్కటున్నా చాలు, ఆర్మీ వెబ్‌సైట్‌లో ప్రాక్టీస్ పరీక్ష ఉంటుంది, ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టండి.

ఇంకొకటి. ఇంటికి దూరంగా ఉండటం అలవాటు చెయ్యండి. తన బట్టలు తను ఉతుక్కోవడం, చెప్పిన టైమ్‌కి లేవడం, రొట్టె తినడం, పదిమందితో ఒక గదిలో సర్దుకోవడం. హాస్టల్ పిల్లలు ఇందులో తొందరగా కుదురుకుంటారు, ఇంటి దగ్గర గారాబంగా పెరిగినవాళ్లు రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడుస్తారు. ఏడవడం తప్పు కాదని కూడా చెప్పండి. ఇంటికి ఫోన్ చేసి నాన్నా వచ్చేస్తాను అన్నప్పుడు నన్ను ఆపింది మా టెన్త్ ఇంగ్లీష్ సార్, ఆయన నంబర్ నా దగ్గర ఉంది కాబట్టి. సెలెక్ట్ అయిన పిల్లాడికి మీ నంబర్ ఇచ్చి పంపండి సార్.

జూనియర్ కాలేజీ లెక్చరర్, భువనగిరి:

ఇందాకటి నుంచి అందరూ అగ్నివీర్ గురించే రాస్తున్నారు. చదువులో చురుకైన పిల్లలకి ఆఫీసర్ దారి ఉందని చెప్పకపోవడం మన ఊళ్లల్లో పెద్ద లోటు. జవానుగా వెళ్లడం తక్కువని కాదు, కానీ టెన్త్‌లో 540 దాటిన పిల్లాడికి ఎన్‌డీఏ (ఆఫీసర్లని తయారు చేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అనే పేరే తెలియకపోతే అది మన వల్లే. ఇంటర్ చదువుతూనే రాయొచ్చు, పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల లోపు, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కల పేపర్ 300, జనరల్ ఎబిలిటీ 600, ఆ పైన ఇంటర్వ్యూ 900. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, కాబట్టి ఇంగ్లీషు తొమ్మిదో తరగతి నుంచే గట్టిపడాలి. ఇంటర్వ్యూ ఐదు రోజులు సాగుతుంది. గుంపులో మాట్లాడటం, ఎదుటివాడి మాట వినడం, అడిగినదానికి నిజం చెప్పడం చూస్తారు. మన క్లాసుల్లో పిల్లలు లేచి నాలుగు మాటలు మాట్లాడే అవకాశమే ఇవ్వం, అక్కడికి వెళ్లి ఎలా మాట్లాడతారు? వారానికి ఒక్కరోజు పేపర్లో ఒక వార్త తీసుకుని పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించండి.

ఇంకా చిన్న పిల్లలకి సైనిక్ స్కూళ్లు. కోరుకొండ, కలికిరి రెండూ ఏపీలోనే ఉన్నాయి. చైనా సరిహద్దులోని గల్వాన్‌లో 2020లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు గారు మా సూర్యాపేట బిడ్డ, చదివింది కోరుకొండలో. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు, తొమ్మిదోది ఇంగ్లీషులోనే. కాబట్టి ఇది హైస్కూలు టీచర్ల కంటే ఐదో తరగతి చెప్పే ప్రైమరీ టీచర్లకి తెలియాల్సిన విషయం. మీ బడికి పిల్లల్ని పంపే ప్రైమరీ స్కూళ్లకి చెప్పండి మాస్టారూ.

ఆడపిల్లల గురించి అడిగారు. విమెన్ మిలిటరీ పోలీస్‌లో అగ్నివీర్‌గా చేరొచ్చు, టెన్త్ మార్కుల నియమం అబ్బాయిలదే, ఎత్తు 162, అదే 1.6 కిలోమీటర్లు ఏడున్నర నిమిషాల్లోపు వస్తే మొదటి గ్రూపు (వేగంగా వచ్చినవాళ్లది), లాంగ్ జంప్ పది అడుగులు, హై జంప్ మూడడుగులు. పోస్టులు తక్కువ, ఆ మాట ముందే చెప్పండి. ఎన్‌డీఏ అయితే 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో అమ్మాయిలకి తలుపు తెరుచుకుంది, 2022లో చేరిన మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మేలో పాసై బయటికొచ్చారు. మా భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకులాల వాళ్లు ఆడపిల్లలకి సైన్యంలో చేరేందుకు తయారు చేసే డిగ్రీ కాలేజీయే నడుపుతున్నారు. పొద్దున ఆ పిల్లలు రోడ్డు మీద వరసగా పరిగెడుతుంటే ఊరి ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూస్తారు. మీ ఊళ్లో ఆ ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకి కావాల్సింది ముందు చీకట్లో భయం లేకుండా పరిగెత్తే చోటు. స్కూల్ గ్రౌండ్ గేటు వాళ్ల కోసం ఉదయం తెరిపించండి, ఒక తల్లినో వలంటీర్‌నో కూర్చోబెట్టండి.

ఉద్దానం మాస్టారు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. 270 సంగతి, హిందీలో 33 సంగతి మా స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాను, హిందీ మేడమ్ రేపటి నుంచే సాయంత్రం అరగంట మాట్లాడిస్తానన్నారు. తొమ్మిదో తరగతి ఆధార్‌లు తెప్పిస్తున్నాం. ఆ తల్లిని, ఆ తండ్రిని ఇద్దర్నీ శనివారం రమ్మన్నాను, బయాలజీ మేడమ్ రాసిన అంకెలు కాగితం మీద పెట్టి చూపిస్తాను.

ఒక్క సందేహం. నిరుడు టెన్త్ పాసైన కుర్రాడు ఒకడున్నాడు, మెమోలో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకోటి. ఏది మార్పించాలి?

మాజీ సుబేదార్, విజయనగరం:

మెమో జోలికి పోకండి, ఆధార్‌ని మెమోకి తగ్గట్టు మార్పించండి. టెన్త్ మెమోయే రుజువుగా తీసుకుంటారు. అయితే ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు, పేరైతే రెండుసార్లు. కాబట్టి ఆ కుర్రాడు ఇదివరకే ఒకసారి మార్పించుకున్నాడేమో ముందు కనుక్కోండి, సెంటర్‌లో వాళ్లు కొట్టిన తేదీని సంతకం పెట్టేముందు స్క్రీన్ మీద మీరే దగ్గరుండి చదవండి. బ్యాంకు పాస్‌బుక్‌లో, కుల ధ్రువీకరణలో కూడా మెమోలో ఉన్నట్టే ఉందో లేదో అదే రోజు చూసేయండి. నోటిఫికేషన్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య పుట్టినవాళ్లు అర్హులో రాస్తారు, మెమో తేదీ ప్రకారం వాడికి ఇంకా ఎన్ని ఛాన్సులు ఉన్నాయో లెక్కగట్టి చెప్పండి. ఇబ్బంది వస్తే నాకు మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి ఆ కుర్రాడితో మాట్లాడతాను.